బీరు రంగును ధాన్యం నుంచే లెక్కగట్టడం: సొంతంగా రెసిపీ రాసుకునేవారికి

ఇంట్లో బీరు తయారుచేసుకునేవారు కొత్త రెసిపీ రాసుకునేటప్పుడు ఆల్కహాలు ఎంత వస్తుంది, చేదు ఎంత తేలుతుంది అన్న లెక్కలు శ్రద్ధగా వేసుకుంటారు గానీ, రంగును మాత్రం సాఫ్ట్‌వేర్ చూపించిన అంకెకే వదిలేస్తారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనివారికి, అది తప్పినప్పుడు ఏ ధాన్యాన్ని తగ్గించాలో, దేన్ని పెంచాలో కూడా తెలియదు. నిజానికి ఈ లెక్కకు కొన్ని గుణకారాలు, ఒక కూడిక, ఒక భాగహారం, ఒక ఘాతాంకం చాలు. దాన్ని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా వేసి చూపిస్తాను. ముందుగా రుచిని నిర్ణయించుకుని, ఆ తర్వాత మిగిలిన రంగు లోటును కొద్దిపాటి నల్ల మాల్ట్‌తో (మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) పూరించడమే సరైన క్రమమని నా దృఢమైన అభిప్రాయం. దానికి కారణాలు లెక్కలోనే కనిపిస్తాయి.

చట్టం గురించి ఒక మాట ముందే చెప్పాలి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల, ఇద్దరు పెద్దలున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి బీరు తయారుచేసుకోవడానికి ఫెడరల్ స్థాయిలో వీలు ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కాబట్టి ఈ పద్ధతి అనుమతి ఉన్న దేశాల్లో స్థిరపడ్డ తెలుగువారికి ఆచరణలో పనికొస్తుంది. ఇక్కడివారికి హైదరాబాద్‌లోని ఏ మైక్రోబ్రూవరీలోనైనా గ్లాసులో కనిపించే రంగు వెనుక ఏ ధాన్యం ఉందో ఊహించడానికి పనికొస్తుంది.

మూడు కొలమానాలు

మాల్ట్ సంచి మీద కనిపించే లోవిబాండ్ డిగ్రీ పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల బ్రూవర్ జోసెఫ్ విలియమ్స్ లోవిబాండ్ పేరు మీద వచ్చింది. ఆయన రంగు అద్దపు పలకల వరుసను తయారుచేసి, బీరును వాటి పక్కన పెట్టి కంటితో పోల్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యలో అమెరికన్ సొసైటీ ఆఫ్ బ్రూయింగ్ కెమిస్ట్స్ కంటి స్థానంలో స్పెక్ట్రోఫొటోమీటర్‌ను పెట్టి, ఎస్ఆర్ఎం (స్టాండర్డ్ రిఫరెన్స్ మెథడ్) అనే కొలతను స్థిరపరచింది. 430 నానోమీటర్ల నీలి ఊదా కాంతిని బీరు ఎంత మింగేస్తుందో ఇందులో కొలుస్తారు. అరంగుళం మందమున్న నమూనాలో వచ్చే శోషణాంకాన్ని పదితో గుణిస్తే ఎస్ఆర్ఎం వస్తుంది. అంటే ఎస్ఆర్ఎం 10 ఉన్న బీరు అంత మందంలో ఆ కాంతిలో పదో వంతును మాత్రమే దాటనిస్తుంది. 20 ఉన్న బీరు నూరో వంతును, 40 ఉన్నది పదివేలో వంతును దాటనిస్తుంది. 40 దాటాక కంటికి తేడా దాదాపు తెలియకపోవడానికి కారణం ఇదే. కనుక ఇంపీరియల్ స్టౌట్ వంటి నల్లటి బీరుకు 55 కావాలా 65 కావాలా అని తర్జనభర్జన పడటం అనవసరం.

ఐరోపాలో వాడే ఈబీసీ (యూరోపియన్ బ్రూవరీ కన్వెన్షన్) కొలత కూడా అదే కాంతిలో కొలిచేదే. బీరు విషయంలో ఎస్ఆర్ఎంను 1.97తో గుణిస్తే ఈబీసీ వస్తుంది. మాల్ట్ సంచి మీది ఈబీసీని లోవిబాండ్‌లోకి మార్చేటప్పుడు మాత్రం ఈ 1.97ను వాడకూడదు. లోవిబాండ్, ఎస్ఆర్ఎం ఒకటి కావు కాబట్టి, ఈబీసీ అంకెకు 1.2 కలిపి 2.65తో భాగించాలి. ఉదాహరణకు 150 ఈబీసీ క్రిస్టల్ మాల్ట్ సుమారు 57 లోవిబాండ్ అవుతుంది. పొరపాటున 1.97తో భాగిస్తే అదే మాల్ట్ 76గా కనిపిస్తుంది. జర్మన్, బెల్జియన్, బ్రిటిష్ మాల్ట్‌లు కొనేవారి రెసిపీల్లో లెక్క తప్పే తొలి చోటు ఇదే. సాఫ్ట్‌వేర్‌లో కొత్త ధాన్యాన్ని చేర్చేటప్పుడు ఆ గడి ఏ కొలమానాన్ని అడుగుతోందో చూసుకుని అంకె వేయాలి.

సంచి మీది అంకె గింజ పైపొట్టు రంగును చెప్పదు. మాల్ట్‌ను ప్రయోగశాలలో నిర్ణీత పద్ధతిలో మాష్ చేసి, అంటే వేడి నీళ్లలో నానబెట్టి, వచ్చిన వోర్ట్ (తీపి ద్రవం) రంగును కొలిచి ఆ అంకెను ముద్రిస్తారు. పిల్స్‌నర్ మాల్ట్ ఇంచుమించు 1.5 నుంచి 2 లోవిబాండ్, అమెరికన్ పేల్ మాల్ట్ 2, మారిస్ ఒట్టర్ 3, వియన్నా 3.5 నుంచి 4, మ్యూనిక్ తేలికది 6 నుంచి 10 ఉంటాయి. అమెరికాలో క్రిస్టల్ మాల్ట్ పేరులోని 40, 60, 80, 120 అంకెలు లోవిబాండ్ డిగ్రీలే. చాక్లెట్ మాల్ట్ 350 చుట్టూ, బ్లాక్ ప్యాటెంట్ 500 చుట్టూ ఉంటాయి. రోస్టెడ్ బార్లీ తయారీదారును బట్టి 300 నుంచి 500 పైదాకా ఉంటుంది. లేత మాల్ట్‌లలో తయారీదారుల మధ్య తేడా స్వల్పమే గనుక సగటు అంకె వాడినా నష్టం లేదు. వేయించిన ధాన్యాల విషయంలో మాత్రం మీరు కొన్న సంచి మీది అంకెనే వాడాలి, ఎందుకంటే అక్కడ ఒకే పేరుతో అమ్మే రెండు మాల్ట్‌ల మధ్య వంద లోవిబాండ్ తేడా ఉండటం అరుదేమీ కాదు.

అసలు లెక్క

ప్రతి ధాన్యం బరువును కిలోల్లో తీసుకుని దాని లోవిబాండ్‌తో గుణించాలి. అలా వచ్చిన లబ్ధాలన్నింటినీ కూడి, 8.35తో గుణించి, ఫెర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్రలోకి) చేరే వోర్ట్ పరిమాణంతో, అంటే లీటర్లతో, భాగించాలి. దీనిని మాల్ట్ కలర్ యూనిట్ అని, పొట్టిగా ఎంసీయూ అని అంటారు. పౌండ్లు, అమెరికన్ గ్యాలన్లు వాడేవారికి 8.35 అక్కర్లేదు. లోవిబాండ్‌తో గుణించిన పౌండ్ల మొత్తాన్ని గ్యాలన్లతో భాగిస్తే చాలు.

ఎంసీయూ నేరుగా బీరు రంగు కాదు. ఒక గ్లాసు నీళ్లలో కాఫీ డికాక్షన్ చెంచా చెంచాగా వేస్తూ పోతే మొదటి చెంచాకు నీళ్ల రంగు ఒక్కసారిగా మారుతుంది, పదో చెంచాకు మార్పు తెలిసీ తెలియనట్టు ఉంటుంది. వోర్ట్‌ను మరిగించే కెటిల్‌లోనూ, ముదురు రెసిపీల దగ్గరకు వచ్చేసరికి, కొలిచిన రంగు ధాన్యపు మొత్తానికి తగినంతగా పెరగదు. ఈ వంపును డాన్ మోరీ ఒక సూత్రంగా కూర్చారు. నేడు ఇంటి బ్రూవర్లు ఎక్కువగా వాడేది దీన్నే:

ఎస్ఆర్ఎం = 1.4922 × (ఎంసీయూ ^ 0.6859)

ఇక అమెరికన్ యాంబర్ ఏల్ అనే రాగి రంగు బీరును తీసుకుందాం. ఫెర్మెంటర్‌లో 20 లీటర్లు కావాలి. రుచి కోసం 4 కిలోల పేల్ మాల్ట్ (2 లోవిబాండ్), అర కిలో మ్యూనిక్ (9), 350 గ్రాముల క్రిస్టల్ 60 అనుకున్నాం. పేల్ నుంచి 8, మ్యూనిక్ నుంచి 4.5, క్రిస్టల్ నుంచి 21, మొత్తం 33.5 వస్తుంది. దీన్ని 8.35తో గుణించి 20తో భాగిస్తే ఎంసీయూ 14. మోరీ సూత్రంలో పెడితే ఎస్ఆర్ఎం 9.1 తేలుతుంది. నాలుగు కిలోల పేల్ మాల్ట్ ఇచ్చింది 8 మాత్రమే కాగా, దాని పదో వంతు బరువు కూడా లేని క్రిస్టల్ 21 ఇచ్చింది. రంగు బరువును బట్టి రాదని, ముదురుతనాన్ని బట్టి వస్తుందని ఈ కూడికలోనే కనిపిస్తుంది. అందుకే ప్రతి ధాన్యానికి వచ్చిన లబ్ధాన్ని విడిగా రాసిపెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ చివరి అంకెను చూపిస్తుంది గానీ, ఆ అంకెలో ఎవరి వాటా ఎంతో ఈ కాగితమే చెబుతుంది.

లోటును పూరించే పద్ధతి

బీరు పోటీల న్యాయనిర్ణేతల కోసం రాసిన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ మార్గదర్శకాల్లో అమెరికన్ యాంబర్ ఏల్‌కు ఎస్ఆర్ఎం 10 నుంచి 17 దాకా ఉండాలని ఉంది. మన రెసిపీ 9.1 దగ్గర ఆగిపోయింది, అంటే పేల్ ఏల్ పరిధి అయిన 5 నుంచి 10లోనే ఉంది. 13 కావాలనుకుందాం. సూత్రాన్ని తిరగేస్తే కావలసిన ఎంసీయూ దొరుకుతుంది: ఎస్ఆర్ఎంను 1.4922తో భాగించి, వచ్చినదానికి 1.458 ఘాతం వేయాలి. 13కు 23.5 ఎంసీయూ వస్తుంది. దాన్ని 20తో గుణించి 8.35తో భాగిస్తే లబ్ధాల మొత్తం సుమారు 56.2 కావాలి. మన దగ్గర 33.5 ఉంది గనుక లోటు 22.7.

ఈ 22.7ను ఏ ధాన్యంతో పూరించాలన్నదే అసలు నిర్ణయం. క్రిస్టల్ 60తోనే పూరిస్తే 22.7ను 60తో భాగించి మరో 380 గ్రాములు వేయాలి. అప్పుడు క్రిస్టల్ మొత్తం 730 గ్రాములై ధాన్యంలో 14 శాతానికి చేరుతుంది. బీరు రంగు సరిపోతుంది, కానీ పులియని చక్కెరలు ఎక్కువై, కారమెల్ తీపి నాలుక మీద మందంగా నిలిచిపోయి, హాప్స్ (చేదు, సువాసన కోసం వేసే పూలు) రుచి వెనక్కి తగ్గుతుంది. చాక్లెట్ మాల్ట్‌తో పూరిస్తే 22.7ను 350తో భాగించి 65 గ్రాములు వేస్తే చాలు. అది మొత్తం ధాన్యంలో 1.3 శాతమే కాబట్టి రుచిలో దాదాపు దొరకదు, తీపి మనం అనుకున్న చోటే ఉంటుంది. బ్లాక్ ప్యాటెంట్ అయితే 45 గ్రాములు సరిపోతాయి. రంగు తక్కువైందని క్రిస్టల్‌ను పెంచుకుంటూ పోయిన యాంబర్ ఏల్‌ల మొద్దు తీపి రుచి చూసినవారికి ఈ 65 గ్రాముల విలువ తెలుస్తుంది. రెసిపీలో ఈ ఒక్క అలవాటు మార్చుకున్నా బీరు మెరుగుపడుతుందని నేను నమ్మకంగా చెప్పగలను.

ఈ పద్ధతికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. లండన్ పోర్టర్‌ను మొదట్లో ప్రధానంగా బ్రౌన్ మాల్ట్‌తో చేసేవారు. వోర్ట్‌లో చక్కెర ఎంతుందో కొలిచే హైడ్రోమీటర్ వాడుకలోకి వచ్చాక, అదే డబ్బుకు పేల్ మాల్ట్ నుంచి ఎక్కువ చక్కెర వస్తుందని బ్రూవర్లకు అంకెల్లో తెలిసింది, కానీ పేల్ మాల్ట్‌తో పోర్టర్ రంగు రాదు. 1817లో డేనియల్ వీలర్ గుండ్రటి డ్రమ్ములో మాల్ట్‌ను మాడిపోకుండా నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ పొందారు. బ్లాక్ ప్యాటెంట్ అన్న పేరు అందుకే వచ్చింది. ఆనాటి నుంచి బలాన్ని పేల్ మాల్ట్, రంగును కొద్దిపాటి నల్ల మాల్ట్ ఇవ్వడం మొదలైంది. మనం ఇంట్లో చేసే సవరణ కూడా సరిగ్గా అదే.

వేయించిన మాల్ట్ ఎంత కొద్దిగా వేసినా కాస్త చేదు, బూడిద వాసన వస్తాయని భయపడేవారికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పొట్టు తీసి వేయించిన కరాఫా స్పెషల్ వంటి మాల్ట్ వాడటం. జర్మనీలోని బామ్‌బెర్గ్‌లో వైయర్‌మాన్ సంస్థ దీన్ని తయారుచేస్తుంది. లేత రుచి ఉండి నల్లగా కనిపించాల్సిన ష్వార్జ్‌బియర్‌కు ఇది బాగా కుదురుతుంది. రెండోది, నల్ల మాల్ట్‌ను విడిగా చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టిన ఆ నీటిని మరుగు చివర్లో కెటిల్‌లో కలపడం. ఇలా చేస్తే రంగు కాస్త తక్కువ దిగుతుంది కాబట్టి లెక్కలో వచ్చినదానికంటే కొంచెం ఎక్కువ మాల్ట్ తీసుకోవాలి.

సూత్రాలు ఎక్కడ నమ్మదగినవి, ఎక్కడ కావు

మోరీ కంటే ముందు రాండీ మోషర్, రే డేనియల్స్ సరళరేఖ సూత్రాలు ఇచ్చారు. మోషర్‌ది ఎంసీయూను 0.3తో గుణించి 4.7 కలపడం, డేనియల్స్‌ది 0.2తో గుణించి 8.4 కలపడం. మన సవరించిన యాంబర్‌కు మోషర్ 11.8, డేనియల్స్ 13.1, మోరీ 13.0 ఇస్తాయి. అక్కడ మూడూ ఇంచుమించు ఒకే మాట చెబుతున్నాయి. అదే 4.2 కిలోల పిల్స్‌నర్ మాల్ట్‌ (1.7 లోవిబాండ్) మాత్రమే ఉన్న 20 లీటర్ల బీరు తీసుకుంటే ఎంసీయూ 3, మోరీ 3.2 అంటే, మోషర్ 5.6, డేనియల్స్ 9 అంటాయి. జర్మన్ పిల్స్‌నర్ 9 ఎస్ఆర్ఎం ఉండదు. సరళరేఖ సూత్రాల్లో ఎంసీయూ సున్నా అయినా కొంత రంగు మిగిలే ఉంటుంది కాబట్టి లేత బీర్లకు అవి పనికిరావు. 3.5 కిలోల మారిస్ ఒట్టర్, కిలో బార్లీ ఫ్లేక్స్, 450 గ్రాముల రోస్టెడ్ బార్లీ (500 లోవిబాండ్) ఉన్న 20 లీటర్ల ఐరిష్ స్టౌట్‌కు ఎంసీయూ 99 దాకా పోతుంది. మోరీ 35 ఇస్తుంది, అది ఆ శైలికి చెప్పిన 25 నుంచి 40 పరిధిలో నిశ్చింతగా కూర్చుంటుంది. అందుకే అన్ని శైలులకూ ఒకే సూత్రం వాడదలిస్తే మోరీనే వాడాలి.

ఈ ఘాతాంకం ఆచరణలో చెప్పే విషయం ఒకటి గుర్తుంచుకోవాలి: ఎంసీయూను రెట్టింపు చేస్తే రంగు 1.6 రెట్లే పెరుగుతుంది. రంగు రెట్టింపు కావాలంటే ఎంసీయూ 2.75 రెట్లు కావాలి. నల్లటి బీరులో పది గ్రాముల తేడా లెక్కకు రాదు. పిల్స్‌నర్‌లో పది గ్రాముల చాక్లెట్ మాల్ట్ పొరపాటున కలిసినా బీరు రంగు మారిపోతుంది. లేత బీరుకు ముందు ముదురు ధాన్యం మర పట్టి ఉంటే, మిల్లును దులిపి శుభ్రం చేయాలి.

లెక్కలో పట్టని సంగతులు

ఈ సూత్రాలు ధాన్యాన్ని, నీటిని తప్ప మరి దేనినీ చూడవు. మరుగుతున్న వోర్ట్‌లో చక్కెరలు, అమినో ఆమ్లాలు కలిసి మెయిలార్డ్ చర్య (వేడికి గోధుమ రంగు తెచ్చే రసాయన చర్య) జరుపుతాయి కాబట్టి, రెండు మూడు గంటలు మరిగించిన స్కాచ్ ఏల్ లెక్క కంటే ముదురుగా వస్తుంది. మాష్‌లో కొంత భాగాన్ని తీసి విడిగా మరిగించే డికాక్షన్ పద్ధతిలోనూ అంతే. నీటి పీహెచ్ ఎక్కువైతే రంగు ఇంకా పెరుగుతుంది. పులిసేటప్పుడు పీహెచ్ తగ్గి, కొన్ని రంగు పదార్థాలు ఈస్ట్‌తో పాటు అడుక్కి చేరడం వల్ల బీరు వోర్ట్ కంటే లేతగా తేలుతుంది. ఆ తర్వాత సీసాలో చేరిన ఆక్సిజన్ దాన్ని మళ్లీ ముదురు చేస్తుంది. హాప్స్ దట్టంగా వేసిన లేత ఐపీఏలు కొన్ని వారాల్లో గోధుమ రంగుకు తిరగడం అందుకే.

ధాన్యం బదులు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (ముందే చిక్కబరచి అమ్మే వోర్ట్) వాడేవారికి ఈ తేడా అన్నింటికంటే ఎక్కువగా ఎదురవుతుంది. ద్రవ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాలో నిల్వ ఉన్నంత కాలం ముదురుతూనే ఉంటుంది. పైగా తక్కువ నీటిలో చిక్కగా మరిగించి తర్వాత నీళ్లు కలిపితే కెటిల్‌లోనే మరికొంత రంగు వస్తుంది. తాజా ఎక్స్‌ట్రాక్ట్ కొని, మంట ఆపి కలిపి, సగాన్ని మరుగు చివరి పావుగంటకు దాచితే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

మరో పరిమితి ఇంకా మౌలికమైనది. ఎస్ఆర్ఎం ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర తీసిన కొలత కాబట్టి, రంగు ఎంత ముదురో చెబుతుంది గానీ ఎరుపా, గోధుమా అన్నది చెప్పదు. ఎస్ఆర్ఎం 13 ఉన్న రెండు బీర్లలో ఒకటి రాగి రంగులో, మరొకటి మట్టి రంగులో ఉండవచ్చు. ఐరిష్ రెడ్ ఏల్‌లో లేత మాల్ట్ మీద కొద్దిపాటి రోస్టెడ్ బార్లీ వేసి ఆ ఎర్రటి మెరుపు తెప్పిస్తారు. ఎరుపు కావాలనుకునేవారు 9 నుంచి 14 పరిధిలోనే ఉండాలి, అది దాటితే ఎరుపు గోధుమలో కలిసిపోతుంది. మబ్బుగా ఉన్న బీరు, అంటే వైస్‌బియర్ వంటిది, కాంతిని చెదరగొట్టడం వల్ల అదే ఎస్ఆర్ఎం ఉన్న తేటైన బీరులా కనిపించదు. మందార పూలు, పండ్లు వేసిన బీర్లకు ఈ లెక్కలేవీ వర్తించవు.

తయారైన బీరును సరిచూడటం

లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో సరిచూసుకోవాలంటే, బీరు బాగా తేరుకున్నాక కొంచెం తీసి, ఒక గ్లాసు నుంచి మరో గ్లాసులోకి పోస్తూ గ్యాసు పోగొట్టాలి. దాన్ని సన్నటి పారదర్శక గ్లాసులో పోసి, వెనుక తెల్ల కాగితం పెట్టి, పగటి వెలుతురులో ఎస్ఆర్ఎం రంగు కార్డుతో పోల్చాలి. ఫోన్ తెర మీది రంగు పట్టికలతో పోల్చవద్దు, ప్రతి తెరా రంగును ఒక్కోలా చూపిస్తుంది. బీరు 20 దాటి ముదురుగా ఉంటే సమానంగా నీళ్లు కలిపి పోల్చి, వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి. స్టౌట్‌కు ఒక పాలు బీరుకు మూడు పాళ్లు నీళ్లు కలిపి నాలుగుతో గుణించాలి. పోల్చే ప్రతిసారీ అదే గ్లాసు వాడాలి, ఎందుకంటే గ్లాసు వెడల్పు మారితే కంటికి కనిపించే ముదురుతనం కూడా మారుతుంది.

లెక్కించిన అంకె, చూసిన అంకె రెండూ ప్రతి రెసిపీ పక్కన రాసుకుంటూ పోతే, మీ కెటిల్, మీ మంట, మీ నీరు కలిసి రంగును ఏ వైపుకు, ఎంత జరుపుతున్నాయో తెలుస్తుంది. ఉదాహరణకు మీ బీర్లు వరుసగా లెక్క కంటే పదో వంతు ముదురుగా వస్తుంటే, తర్వాతి రెసిపీలో 13 కావాలనుకున్నప్పుడు లక్ష్యాన్ని 11.8గా పెట్టి, అక్కడి నుంచి లోటు గ్రాములను తిరిగి లెక్కించాలి. మన యాంబర్‌కు అలా చేస్తే 65 గ్రాముల చాక్లెట్ మాల్ట్ సుమారు 44 గ్రాములకు తగ్గుతుంది.